చెన్నైలో కొత్త కాపురం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఈమధ్యే గుంటూరు నుంచి వేళచ్చేరికి మారాం. ఇక్కడ కొన్న పొన్ని బియ్యం ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటోంది. కందిపప్పూ మెత్తబడటం లేదు. కుక్కర్ మార్చాలా?

జవాబు: కుక్కర్ జోలికి పోకండి. మీరు తెచ్చుకున్నది ఉప్పుడు బియ్యం అయి ఉంటుంది. పొన్నిలో పచ్చి బియ్యమూ దొరుకుతుంది, ఉప్పుడు బియ్యమూ దొరుకుతుంది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆడిస్తారు కాబట్టి ఉప్పుడు గింజ గట్టిపడి ఉంటుంది. గింజను వెలుగుకు పట్టి చూడండి. లేత పసుపు రంగులో, కాస్త అద్దంలా కనిపిస్తే ఉప్పుడు బియ్యం. తెల్లగా, సుద్దలా ఉంటే పచ్చివి. కొట్లో ‘పచ్చరిసి’ అని అడిగితే మనకు అలవాటైనవే ఇస్తారు. ఉన్న బస్తాను పారేయక్కర్లేదు. అరగంట నానబెట్టి, గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి, ఐదారు విజిళ్లు రానివ్వండి. పులిహోరకూ ముద్దపప్పు అన్నానికీ మాత్రం పచ్చి బియ్యమే బాగుంటుంది.

పప్పు సంగతి వేరు. చాలా అపార్ట్‌మెంట్లలో వాడకానికి వచ్చేది బోరు నీరు. అందులోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజను పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగించేస్తాయి, అందుకే గింజ విచ్చుకోదు. నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే క్యాన్ నీళ్లే వాడండి. అవి చాలకపోతే బోరు నీటిని బాగా మరిగించి చల్లార్చండి. తెల్లటి మడ్డి అడుగున దిగాక పైనీళ్లు వంపుకుంటే కొంత నయం. వంట సోడా వేస్తే గ్లాసు పప్పుకు చిటికెడు మించొద్దు, ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. టమాటా, మామిడికాయ, చింతపండు పప్పుతోపాటే కుక్కర్లో పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. పులుపు కూడా గింజను మెత్తబడనివ్వదు. పప్పు ఉడికాకే వేయండి. ఇవన్నీ చేసినా ఉడకలేదంటే ఆ పప్పు పాతది.

ప్రశ్న: హైదరాబాద్‌లో నెలనెలా కట్టిన దానికి ఇక్కడి కరెంటు బిల్లు రెట్టింపు పైనే వచ్చింది. మీటరు తప్పు తిరుగుతోందా?

జవాబు: ఇక్కడ ఇళ్లకు రీడింగ్ రెండు నెలలకోసారి తీస్తారు. ముందు ఆ మొత్తాన్ని రెండుతో భాగించి చూడండి. 2016లో మొదలైన 100 యూనిట్ల ఉచితం కూడా రెండు నెలల బిల్లుకు కలిపే. అసలు చూసుకోవాల్సింది 500 యూనిట్ల గీత. అది దాటితే పైయూనిట్లకు ఎక్కువ ధర పడటమే కాదు, 101 నుంచి 200 వరకు ఉండే చౌక ధర కూడా చేజారుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీకి గంటకు సుమారు ఒక యూనిట్ అనుకున్నా, రోజుకు ఆరు గంటలు వేస్తే రెండు నెలలకు 360 యూనిట్లు దానికే పోతాయి. రీడింగ్ తీసిన తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. యాభయ్యో రోజున మీటరు చూసుకుంటే మిగిలిన పది రోజులు సర్దుకోవచ్చు.

అద్దె ఇల్లు అయితే ఇంకో మాట. మీ వాటాకు విడిగా ఈబీ (కరెంటు బోర్డు) మీటరు ఉందా, లేక ఓనరు పెట్టిన సబ్ మీటరా అన్నది అడ్వాన్సు ఇచ్చే ముందే అడగండి. సబ్ మీటరుకు ఓనర్లు సాధారణంగా యూనిట్‌కు ఒకే ధర వసూలు చేస్తారు. ఉచిత యూనిట్ల లాభం మీకు అందదు.

ప్రశ్న: ఏపీ నంబరు బైకుతోనే తిరగొచ్చా?

జవాబు: 12 నెలల వరకు తిరగొచ్చు. అంతకు మించి ఇక్కడే ఉంచేట్టయితే తమిళనాడు నంబరు తీసుకోవాల్సిందే. పాత ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ వాళ్ల అంగీకారం కూడా కావాలి. తరవాత ఇక్కడ ఫారం 27 పెట్టి, బండి వయసును బట్టి పన్ను కట్టాలి. కొత్త ఆర్‌సీ వచ్చాక దాని నకలు జతచేసి, పాత చోట కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు చేయండి. చాలామంది ఈ డబ్బు సంగతే మరిచిపోతారు. నంబరు మారినట్టు ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది. ఎన్‌వోసీకి వెళ్లేముందు పాత చలాన్లు ఏమైనా బాకీ ఉంటే కట్టేయండి, చాలాసార్లు పని ఆగేది అక్కడే.