ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకుంటానన్న మా మేనకోడలికి

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హలో కూడా అనకుండా మొదలుపెట్టేసింది, అంతా నీవల్లేరా, దానికి చిన్నప్పుడు కెమెరా ఇచ్చి ఆడుకోమన్నది నువ్వే కదా అని. సరే అక్కా నావల్లే అన్నా, ఇంకేమంటాం. ఆమె బాధ ఏందో తెలుసా నీకు, నువ్వు ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు నెల్లూరు బారాషహీద్ దర్గా కాడ, రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినామె చేతి నుంచి నీకోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. నీకు చెన్నైలో జాబ్ వచ్చాక మళ్ళా మొహర్రానికి పోయి, మొక్కు ప్రకారం ఇంకో పిల్లకి రొట్టె ఇచ్చి వచ్చింది. ఇప్పుడు ఆ ఉద్యోగాన్నే నువ్వు వదిలేస్తానంటుండావు, మరి నా చేతి రొట్టె తీసుకున్న ఆ పిల్ల సంగతేందిరా, దానిది కూడా పోద్దేమో అని ఏడుపు. నవ్వాలో ఏం చెయ్యాలో తెలీలా నాకు.

నాకైతే భయం వేసింది. ఇంట్లో ఇంకొకరు ఈ పని చేస్తామంటున్నారని సంతోషంగానూ ఉంది, రాత్రి మీ అత్తతో రెండుసార్లు అన్నా ఆ మాట. భయం ఎక్కువా సంతోషం ఎక్కువా అంటే చెప్పలేను, అందుకే కూర్చుని ఇదంతా టైప్ చేస్తుండా. తప్పులుంటే సర్దుకో, ఈ కళ్ళజోడు మార్చాల.

తేలికవి ముందు చెప్పేస్తా. రా ఫార్మాట్‌లో తియ్యి, అంటే కెమెరా తనంతట తాను రంగులు సర్దకుండా ఉంచే ఫైలు. కెమెరాలో రెండు మెమరీ కార్డుల్లోనూ పడేటట్టు సెట్ చేసుకో. ఇంటికొచ్చిన రాత్రే మూడు కాపీలు, అందులో ఒకటి ఇంట్లో కాకుండా ఇంకో చోట. మనది సముద్రం పక్క గాలి, లెన్సులకి ఫంగస్ పట్టేస్తది, తోలు బ్యాగులో అసలు పెట్టబాక, తోలు తేమ పీలుస్తుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, లోపల తేమ మీటరు 45, 50 మధ్యలో ఉంటే చాలు. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాల, అంత వచ్చిననాడు నాకు చెప్పు, నీ డబ్బుతోనే స్వీట్లు తిందాం. డ్రోన్ ఎంత చిన్నదైనా సరే శ్రీహరికోట వైపు ఎగరెయ్యబాక, యాడ ఎగరేయచ్చో ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోకుండా పైకి లేపబాక.

ఇది మాత్రం తేలిక కాదు, జాగ్రత్తగా విను. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి నడవబాక. మళ్ళా చెప్తుండా, వెనక్కి నడవబాక. నాతో పాటు పెళ్ళిళ్ళు తీసిన పిల్లోడు ఒకడు ఒక ఇంటి మేడ మీద గ్రూప్ ఫోటో తీస్తా, ఒక పెద్దాయన అంచులో కట్ అవుతున్నాడని ఒక్కడుగు, ఇంకొక్కడుగు వెనక్కి వేశాడు. పిట్టగోడ లేదు. బతికాడు, కానీ మళ్ళా మెట్లెక్కే పని చెయ్యలేకపోయాడు. ఫోటోలో అందరూ నవ్వుతా ఉంటారు, అదే చివరి ఫ్రేము. కల్యాణమండపం స్టేజీ అయినా, మైపాడు బీచ్ అయినా, ముందు తల తిప్పి చూడు, తర్వాత కాలు వెయ్యి. అలలకి వీపు పెట్టి అసలు నిలబడబాక, ఆ ప్రీ వెడ్డింగ్ జంట ఎంత బతిమాలినా సరే. ఇంకా వైర్లు, వానపడిన పందిట్లో లైట్ స్టాండ్లు చెప్పుల్లేకుండా ముట్టుకోబాక. నీ స్టైల్ సంగతి తర్వాత, ముందు నువ్వు ఉండాల కదా.

సరే, స్టైలు. మొన్న నువ్వు ఫోన్లో అడిగావే, మావయ్యా నాకంటూ ఒక స్టైల్ ఎట్టా వస్తది అని. ఆరోజు ఏదో చెప్పి తప్పించుకున్నా గానీ ఇప్పుడు మా ఓనరు సంగతి చెప్తా.

నేను పని నేర్చుకున్న స్టూడియో నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్క సందులో ఉండేది. మేడ మీద ఒకటే పెద్ద గది, ఉత్తరం వైపు గోడలో నిలువెత్తు కిటికీ, దానికి తెల్లటి మల్లుగుడ్డ కర్టెన్. ఉత్తరం కిటికీ కాబట్టి ఏడాదిలో చాలా నెలలు ఎండ నేరుగా లోపలికి పడదు, పొద్దున్నించీ సాయంత్రం దాకా ఒకటే మెత్తటి వెలుతురు. మా ఓనరు మనుషుల్ని ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి యాషికా 120 కెమెరాతో తీసేవాడు. అది పైనుంచి తల వంచి అద్దంలోకి చూసే కెమెరా, అందులో కుడి ఎడమలు తారుమారుగా కనపడతాయి, ఎదుటోళ్ళకేమో ఈయన తమకి దండం పెడుతున్నట్టు ఉంటది, పల్లెటూళ్ళ నుంచి వచ్చిన ముసలోళ్ళు తిరిగి దండం పెట్టేవాళ్ళు కూడా. రోలుకి 12 ఫ్రేములే, అందుకని గబగబా నొక్కేవాడు కాదు. మాట్లాడించి మాట్లాడించి, వాళ్ళు మాట ఆపి ఊపిరి వదిలినప్పుడు నొక్కేవాడు. ఎడమ చెంప మీద వెలుగు, కుడి చెంప నీడలో. ఆ నీడ పోగొట్టడానికి అవతలి పక్క ఒక తెల్ల బోర్డు పెట్టచ్చు, అందరూ పెడతారు, ఈయన పెట్టడు. కస్టమర్లు గొడవ, ఏందయ్యా సగం మొహం నల్లగా పడింది అని. నేను నెగటివ్‌ని వాలుబల్ల అద్దం మీద పెట్టి, పెన్సిల్ ములుకు గరుకు కాగితం మీద సూదిలాగా అరగదీసి మొటిమలూ మచ్చలూ పూడ్చేవాణ్ణి. నీడ జోలికి మాత్రం పోనిచ్చేవాడు కాదు. దాన్ని ముట్టుకోబాక అనేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. ఆయనకీ తెలీదనుకుంటా.

తర్వాత ఎదురుగా ఒక కలర్ స్టూడియో పడింది. గొడుగు ఫ్లాషులు, వెనక జలపాతం పరదా, మొహాలన్నీ తెల్లగా పాలిపోయి మెరుస్తా ఉండేవి. జనం అటు పోతుంటే మా ఓనరుకి నిద్ర పట్టలా. ఒక ఆషాఢంలో బేరాలు లేనప్పుడు వడ్రంగిని పిలిపించి ఆ కిటికీకి ప్లైవుడ్ కొట్టించేశాడు. ఏసీ పెట్టించాడు, రెండు గొడుగులు కొన్నాడు, ఇంకా పెద్ద జలపాతం కొన్నాడు. అన్నీ అప్పు మీదే. ఇప్పుడు రెండు షాపుల్లో ఒకటే రకం ఫోటో, అవతలోడు పది రూపాయలు తక్కువకి ఇస్తాడు. ఇంక మా మేడ మెట్లు ఎక్కి ఎవరొస్తారు చెప్పు? ఏడాది తిరక్కుండా, పాత బేరాలు కూడా, ఆ నీడ గురించి గొడవపడిన వాళ్ళు కూడా రావడం మానేశారు.

అక్కడితో ఆగలా. డిజిటల్ వచ్చాక గది ఖాళీ చెయ్యాల అని, బీరువాల్లో బటర్ పేపర్ కవర్లలో నంబర్లేసి దాచిన నెగటివ్‌లన్నీ గోతాల్లో నింపి కిలోల లెక్కన అమ్మేశాడు. ఫిల్ములో వెండి ఉంటది, దాన్ని తీసేవాళ్ళు కొనుక్కుంటారు. నేను ఆ వారం ఊళ్ళో లేను, వచ్చి చూస్తే బీరువాలు ఖాళీ. రిజిస్టర్లు మాత్రం మిగిలాయి, ఫలానా నంబరు, ఫలానా ఊరు, ఫలానా ఆయన కూతురు పెళ్ళిచూపుల ఫోటో, వరసగా రాసి ఉండాయి. ఫోటోలు లేవు. అరిచాను ఆయన మీద, అంత పెద్దాయన మీద. ఎందుకురా అవి, అన్నీ ఒకటే రకంగా ఉంటాయి గదా అన్నాడు. నా మంట అదే బుజ్జమ్మా. ఒకటే రకంగా ఉండటమే ఆయన సంపాదించుకున్నది, దాన్నే ఆయన చెత్త అనుకున్నాడు.

ఇప్పటికీ కోవూరులోనో ఆత్మకూరులోనో ఏ ఇంటికైనా పోయినప్పుడు గోడ మీద పాత ఫోటో కనపడితే గుమ్మంలోంచే చెప్పేస్తా ఇది మా ఓనరు తీసిందని. వెనక్కి తిప్పి చూస్తే మా స్టాంపే ఉంటది. ఆ నీడ ఇంకెవరికీ పడదు.

అందుకని ఆ ప్రీసెట్లు, అదే ఒక్క నొక్కుతో ఫోటో రంగులు మార్చేసే రెడీమేడ్ సెట్టింగులు, కొనడం ఆపు. ఎవడో బొంబాయి వాడు పెళ్ళికూతురు మొహానికి నారింజ రంగు, చెట్లకి నీలం రంగు పూశాడని నువ్వూ అదే పూస్తే నువ్వు కూడా ప్లైవుడ్ కొట్టించుకున్నట్టే. మన పిల్లల మొహాలు నల్లగా, నిగనిగలాడతా ఉంటాయి, వాటిని పిండి రాసినట్టు చెయ్యబాక, కస్టమర్ అడిగినా సరే రవ్వంత తగ్గించి చెయ్యి.

నువ్వు ఈ మూడు నాలుగేళ్ళుగా నాకు పంపినవన్నీ నిన్న రాత్రి వరసబెట్టి చూశా. రొట్టెల పండగవి, వెంకటగిరి మగ్గం గుంతలో కూర్చున్న ఆయనవి, జువ్వలదిన్నె కాడ వలలు బాగుచేసే వాళ్ళవి, మీ నానమ్మ రొయ్యలు ఒలిచేది. ఒకటి గమనించా, మొహాలకంటే ముందు నువ్వు చేతులు చూస్తుండావు. రొట్టె ఫోటోలో అయితే అసలు మొహాలే లేవు, నాలుగు చేతులు, ఒక రొట్టె, కింద నీళ్ళు, ఒకామె గాజుల మీద రొట్టె పిండి అంటుకుని ఉంది. నీళ్ళలో తడిసిన ఆడవాళ్ళని అట్టా చేతుల దాకానే తీసి వదిలేసినందుకు నాకు చాలా నచ్చింది, ఆడ ఎంతమంది కుర్రాళ్ళు ఏం తీస్తుంటారో నేను చూశా. అట్టాగని రేపట్నించి చేతులే తీసుకుంటా కూర్చోబాక, తెలిసి చేస్తే అదీ ప్రీసెట్టే అయిపోద్ది. నీకు తెలీకుండా జరగనీ.

తెలుసుకోవాలంటే మటుకు స్క్రీన్ మీద చూస్తే తెలీదు. ఆర్నెల్లకొకసారి ల్యాబ్‌లో చిన్న సైజు ప్రింట్లు వేయించి హాల్లో నేల మీద పరిచి చూడు. ఇది ఇంకొకరు కూడా తీసేవాళ్ళే అనిపించినవి తీసి పక్కన పెట్టు, మిగిలినవి చాలా తక్కువ ఉంటాయి, బాధపడబాక. తీసిన రోజే ఏరుకోబాక కూడా, ఫోటో కూడా మన చేపల పులుసు లాంటిదే, మర్నాడు తింటేనే అసలు రుచి తెలిసేది. ప్రింటు వెనక పేరు, ఊరు, తేదీ రాయి. నంబరు కాదు, పేరు.

మీ అమ్మకి చెప్పడానికి ఒకాయన దొరికాడు, నువ్వు కూడా వాడుకో. సల్గాడో, బ్రెజిల్ ఫోటోగ్రాఫరు, 2025 మే నెలలో పోయాడు. చదివింది ఎకనామిక్స్, లండన్‌లో కాఫీ సంస్థలో మంచి ఉద్యోగం, అది మానేసి కెమెరా పట్టుకున్నాడు. 1986లో ఆయన సెర్రా పెలాడా బంగారు గనిలో తీసినవి చూడు, గుంత నిండా చీమల్లాగా మనుషులు మూటలు మోస్తా నిచ్చెనలు ఎక్కుతుంటారు. నేను ఒకసారి చీమకుర్తి గ్రానైట్ క్వారీ అంచున నిలబడి లోపలికి చూసినప్పుడు అదే గుర్తొచ్చింది. అంత లోతు, ఆ నల్ల రాయి, ఎండకి అందులో బంగారు చుక్కలు మెరుస్తా. ఆయన ఒక్క పని మీద 2004 నుంచి 8 ఏళ్ళు దేశాలు తిరిగాడు. నిన్ను దేశాలు తిరగమనడం లేదు, మనకి చీమకుర్తి ఉంది, వెంకటగిరి ఉంది, రొయ్యల గుంటలు ఉండాయి. ఏదో ఒకటి పట్టుకుని మళ్ళీ మళ్ళీ పో, కెమెరా బయటికి తియ్యకపోయినా ఫరవాలేదు, టీ తాగి రా. నేలపట్టు గూడబాతుల కోసం పెద్ద లెన్స్ కొంటానన్నావంట, ఆ సీజన్లో ఆడ చెట్లకంటే లెన్సులే ఎక్కువ, కావాలంటే అద్దెకు తెచ్చుకో. ఫ్రాన్స్ ఫోటోగ్రాఫరు కార్టియే బ్రెసో దాదాపు జీవితమంతా 50 ఎంఎం చిన్న లెన్సుతోనే గడిపేశాడు.

డబ్బు పెళ్ళిళ్ళలోనే వస్తది, దాన్ని తక్కువ చూడబాక. ఆషాఢం, మూఢం వస్తే నెలల తరబడి ఒక్క ముహూర్తం ఉండదు, ఈఎంఐ వాడికి మూఢం ఉండదు. కాబట్టి ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో లేకుండా రిజైన్ చెయ్యబాక, అందాకా శని ఆదివారాలు ఎవరైనా మంచోళ్ళ దగ్గర సెకండ్ కెమెరాగా పో. అడ్వాన్స్ లేకుండా డేట్ రాసుకోబాక, చుట్టాలైతే అసలే రాసుకోబాక. ఇంకోటి, కాపీరైట్ చట్టంలో సెక్షన్ 17 అని ఉంది, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న వాళ్ళే. నువ్వు తీసిన పెళ్ళి ఫోటోని నీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలన్నా కాగితం మీద రాయించుకోవాల. ఇది చాలామందికి తెలీదు, గొడవ అయ్యాక తెలుస్తది.

నాకాడ పాత నికాన్ ఎఫ్ఎం2 ఫిల్ము కెమెరా ఉంది, మీటరు సెల్లు మార్చి చూశా, బాగానే పనిచేస్తా ఉంది, ఫంగస్ కూడా లేదు. ఆదివారం కావలి వస్తే ఇస్తా, రెండు రోల్స్ తీసుకురా. మీ అమ్మతో నేను మాట్లాడతాలే, రెండు రోజులు నువ్వు ఫోన్ చెయ్యబాక. అగ్రిమెంట్ తెలుగులో రాసి నాకు వాట్సాప్ పెట్టు, తెలిసిన లాయరు గారికి చూపిస్తా. ఆ 24-70 లెన్స్ ఈఎంఐలో బుక్ చేసి ఉంటే మాత్రం ముందు పోయి క్యాన్సిల్ చెయ్యి.

మీ మావయ్య