ఏ మానికతో కొలుస్తున్నారో ముందు అడుగు

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. రైతుకు పెట్టుబడి సాయం న్యాయమా కాదా అన్న అంశం మీద కాలేజీ చర్చలో మాట్లాడబోతున్నానని రాశావు. ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం చెప్పినవాణ్ని కనుక ఇలాంటి వాదాలు ఎక్కడ దారి తప్పుతాయో చాలాసార్లు చూశాను. ప్రభుత్వం ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే ఇరుపక్షాలూ గొంతు చించుకుంటాయి. ఇచ్చేదాన్ని ఏ మానికతో కొలుస్తున్నారని అడిగేవాళ్లు అరుదు. నువ్వు అక్కడే మొదలుపెట్టు.

తెలంగాణలో 2018 మే నెలలో మొదలైన రైతుబంధునే తీసుకో. అప్పట్లో పంటకు ఎకరానికి 4 వేలు, ఏడాదికి 8 వేలు. ఎన్ని ఎకరాలైనా పరిమితి లేదు. ఆ లెక్కన రెండెకరాల రైతుకు 16 వేలు వస్తే, ముప్పై ఎకరాల ఆసామికి 2 లక్షల 40 వేలు వస్తాయి. పట్టా లేని కౌలురైతుకు ఏమీ రాదు. మన చెరువు కింద నాలుగెకరాలు కౌలుకు చేసే ఆయన ఒకసారి నాకు తన లెక్కల పుస్తకం చూపించాడు. విత్తనం, ఎరువు, నాట్ల కూలి, ట్రాక్టరు కిరాయి అన్నీ ఆయన చేతిరాతలోనే ఉన్నాయి; సాయం సొమ్ము మాత్రం పట్నంలో ఉండే పట్టాదారు ఖాతాలో పడింది.

అయితే ఎకరాన్ని కొలతగా పెట్టినవాళ్ల వాదన తేలికైనది కాదు. పాసుపుస్తకంలోని విస్తీర్ణం చూసి నేరుగా జమ చేస్తే, అర్హులను తేల్చే పేరుతో మధ్యవాళ్లు చేరే వీలుండదు. పైగా కౌలు నోటిమాట మీద నడిచే చోట, కాగితం మీద పేరెక్కితే భూమి చేజారుతుందేమోనని పట్టాదారు భయపడతాడు. ఈ మాటలు ఎదుటిపక్షం చెప్పకముందే, వాళ్లకంటే గట్టిగా నువ్వే చెప్పు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టాన్ని చూపు: యజమాని హక్కుకు భంగం లేకుండా పదకొండు నెలల ఒప్పందంతో కౌలురైతుకు కార్డు ఇచ్చే ఏర్పాటు అది. దానికి పట్టాదారు సంతకం కావలసి రావడంతో చాలామంది కౌలుదారులు బయటే మిగిలారు; ఆ సంగతి కూడా దాచవద్దు.

నీటి విషయంలో కొలత ఇంకా అన్యాయమైనది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్తు ఇచ్చారు. అది బోరు ఉన్నవాడికే అందుతుంది, లోతుగా వేయించగలిగినవాడికి మరీ ఎక్కువ అందుతుంది. ఒక రాత్రి కరెంటు రాగానే ఆటో స్టార్టరుతో మోటారు దానంతటదే తిరిగి, మడి నిండి, నీళ్లు బండ్లబాట మీదికి పారడం చూశాను. తెల్లవారి చూస్తే పక్క చేనులోని బోరు ఉత్త గాలి కక్కుతోంది. భూమి కింది నీరు ఇద్దరిదీ అయినప్పుడు ఆ రెండో రైతు వాటా ఏమైందని నీ సభలో తప్పకుండా అడుగు.

రాజ్యాంగం 39వ అధికరణాన్ని ఎవరో ఒకరు ఎత్తుతారు. వనరుల పంపిణీ ఉమ్మడి మేలుకు తోడ్పడాలని అది చెబుతున్నా, ప్రైవేటు ఆస్తుల్లో కొన్ని ఆ వనరుల కిందికి రావచ్చు గానీ అన్నీ రావని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరులో మెజారిటీతో తీర్పిచ్చింది. అది చదవకుండా వేదిక ఎక్కవద్దు.

సంక్రాంతికి వస్తే ఆ కౌలురైతు దగ్గరికి తీసుకెళతాను. పోటీ అంతకుముందే అయితే చెప్పు, ఫోనులో మాట్లాడిస్తాను. ఏడాది లెక్క ఆయనే వరుసగా చెబుతాడు, రాసుకో.

ఇట్లు,
పెదనాన్న