తొలితరం మహిళల చరిత్ర మరుగున పడకుండా ఏం చేయాలి?

తమ రంగంలో మొదటగా అడుగుపెట్టిన మహిళల కృషిని ఎలా కాపాడుకోవాలి, వాళ్లను ఎలా గౌరవించాలి అని అడిగారు. తొలితరం ఉద్యోగినుల జ్ఞాపకాలను రికార్డు చేసే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. విగ్రహాలు, సన్మానాలు తర్వాత. ముందు ఆమె చేసిన పని ఆమె పేరుతో రాసి ఉండాలి.

1946లో అమెరికాలో లోకానికి చూపించిన తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్‌కు ప్రోగ్రామింగ్ చేసింది ఆరుగురు మహిళలు. ఫొటోల్లో మహిళలు కనిపిస్తూనే ఉన్నారు, పేర్లు మాత్రం లేవు. 1980లలో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని వీళ్లెవరని ఆరా తీస్తే, యంత్రం పక్కన నిలబెట్టిన మోడల్స్ అన్నారట! ఆమె ఊరుకోలేదు. వాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల నోటితోనే చెప్పించి రికార్డు చేసింది. అప్పటికి కొందరైనా బతికి ఉండబట్టి అది కుదిరింది. మన భండారు అచ్చమాంబ (1874–1905) ఎందరో స్త్రీల జీవితాలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1902లోనే ‘ధనత్రయోదశి’ కథ రాశారు. అయినా తొలి తెలుగు కథ అనగానే చాలాకాలం 1910 నాటి ‘దిద్దుబాటు’ పేరే వినిపించింది. అందరి చరిత్రా రాసిన మనిషికే ఈ గతి పట్టిందంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి పెద్దవాళ్లు ఉండగానే వెళ్లి కూర్చోండి. “మీరు సాధించినవి చెప్పండి” అని మాత్రం అడగకండి. “నేనేం చేశానమ్మా, అందరితో పాటే చేశాను” అనేస్తారు. పని గురించి అడగండి. ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఒకావిడ గంటసేపు ముక్తసరిగా మాట్లాడారు. పాత త్రాసులో తూకం ఎలా వేసేవారని అడిగేసరికి, ఎదురుగా త్రాసు ఉన్నట్టే రెండు వేళ్లతో చిన్న రాయిని పట్టుకుని పళ్లెంలో పెట్టి చూపించారు. ఊపిరి తగిలినా ముల్లు కదిలేదట. ఆ తర్వాత, తాను తీసిన లెక్కలు ఎవరి పేరుతో అచ్చయ్యాయో కూడా చెప్పారు. అందుకే వీలైతే వీడియో తీయండి, చేతులు చెప్పేది ఆడియోలో దొరకదు.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే సర్టిఫికెట్ ఒక పేరుతో, ఉద్యోగం రికార్డు ఇంకో పేరుతో ఉంటాయి. రెండూ ఒకరివేనని ఎక్కడా రాసి లేకపోతే తర్వాతివాళ్లకు ఆచూకీ దొరకదు. రెండు పేర్లూ కలిపి రాయండి. “ఫలానావారి భార్య” అని సరిపెట్టకండి. గ్రూప్ ఫొటో దొరికితే ఎడమ నుంచి కుడికి ఎవరెవరో ఆవిడనే అడిగి, వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో తేలికగా రాయండి. బాల్‌పెన్ అచ్చు ముందుకు పడుతుంది.

రికార్డు చేసింది ఎవరు వినవచ్చో ఆవిడ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఒక కాపీ కుటుంబానికి, ఒకటి లైబ్రరీకి లేదా ఆవిడ పనిచేసిన సంస్థకు ఇవ్వండి. అక్కడివాళ్లు వద్దంటే ఇంకోచోట అడగండి.