పన్ను తీసిన గుంతలో ‘ఎముక పొడి’ వేయించుకోవడం అవసరమా?

కింది దవడ పన్ను తీసేసి, ఆ తర్వాత ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ వేరు) పెడతామన్నారు; తీసినరోజే గుంతలో ఎముక పొడి వేసి కుట్టేస్తామని, దానికి విడిగా డబ్బు కట్టాలని అంటున్నారు, ఇది నిజంగా కావాలా అని ఒకరు అడిగారు.

తేల్చేది బుగ్గ వైపున్న ఎముక గోడ. వేరును అంటిపెట్టుకుని ఉండే పలుచని ఎముక పొరకు రక్తం చాలావరకు వేరు చుట్టూ ఉండి దాన్ని ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్ నుంచే అందుతుంది. పన్నుతో పాటు అదీ పోతుంది కాబట్టి పొర కరగడం మొదలవుతుంది. గుంతను ఊరికే వదిలేస్తే ఏడాదిలో వెడల్పు సగం వరకు తగ్గొచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. 5 మి.మీ. ఇంప్లాంట్‌కు రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున ఎముక ఉండాలంటే 8 మి.మీ. కావాలి. నాలుగు గోడలూ మందంగా, పగలకుండా ఉండి, రెండు మూడు నెలల్లో ఇంప్లాంట్ వేసేస్తామంటే దవడ పన్ను దగ్గర గ్రాఫ్ట్ (ఈ ఎముక పొడి) లేకుండానూ గడిచిపోతుంది. వేరు చీలో, చీము పట్టో ఒక గోడ పోయి ఉంటే మాత్రం ఇప్పుడు మిగుల్చుకున్న డబ్బుకు రెట్టింపు తర్వాత కట్టాల్సి రావచ్చు. ఒక సంగతి, గ్రాఫ్ట్ కరుగుదలను తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపదు.

వేసే పొడి కన్నా వేసే తీరే ముఖ్యం. గుంత అడుగున మెత్తగా ఎర్రగా అంటుకుని ఉండే పాడైన కణజాలాన్ని క్యూరెట్‌తో (చిన్న గరిటె లాంటి పరికరంతో) గీకి పూర్తిగా తీయాలి. అది మిగిలితే ఎంత ఖరీదైన పొడైనా చీములో కలిసిపోతుంది. గోడల నుంచి రక్తం ఊరకపోతే చిన్న బర్‌తో (డ్రిల్ మొనతో) ఎముకలో చుక్కలు చుక్కలుగా రంధ్రాలు వేస్తారు. పావు నుంచి 1 మి.మీ. రేణువులు, దవడ పన్నుకు అర నుంచి 1 సీసీ సరిపోతాయి. సెలైన్‌తోనో రోగి రక్తంతోనో తడిపి వదులుగా నింపాలి. చాలామంది చేసే పొరపాటు గట్టిగా కూరడం. రేణువుల మధ్య సందు లేకపోతే రక్తనాళాలు ఎటు నుంచి వస్తాయి? పైన కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన పొర కప్పాలి, దాని అంచు గుంత ఎముకను దాటి 2–3 మి.మీ. చిగురు కిందకు దూరాలి. కదిలే పొర కింద ఎముకకు బదులు చిగురు కణజాలమే పెరుగుతుంది. దట్టమైన పీటీఎఫ్ఈ (ఒంట్లో కరగని ఒక రకం ప్లాస్టిక్) పొరైతే పైకి కనిపించినా ఫరవాలేదు, 3–4 వారాలకు తీసేస్తారు.

రోగి రక్తం తీసి యంత్రంలో గిరగిరా తిప్పి చేసే పీఆర్‌ఎఫ్ అనే జెల్లీ లాంటి గడ్డ చిగురు మానడానికి బాగుంటుంది. ఒక్కదాన్నే వేసి ‘ఎముక వచ్చేస్తుంది’ అంటే నమ్మకండి.

పొడి దేనిదో అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. బయో-ఆస్ లాంటి బ్రాండ్లు ఆవు ఎముక నుంచి తీసినవి. అది వద్దనుకుంటే ముందే చెప్పండి: దాతల నుంచి తీసి శుద్ధిచేసిన మనిషి ఎముక (ముంబై టాటా మెమోరియల్ టిష్యూ బ్యాంకు తయారుచేస్తుంది), లేదా బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి కృత్రిమ పొడి ఉన్నాయి. ఎముకల బలానికి అలెండ్రోనేట్ మాత్రలో, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షనో వాడుతుంటే పన్ను తీయకముందే చెప్పి తీరాలి, దవడ ఎముక కుళ్లే ముప్పు ఉంది. షుగరు అదుపులో లేకపోయినా, సిగరెట్, గుట్కా మానకపోయినా గ్రాఫ్ట్ నిలవడం కష్టం.

మొదటి వారం ఇసుక రేణువుల్లా కొన్ని నోట్లోకి రావడం మామూలే. గట్టిగా పుక్కిలించకండి, స్ట్రాతో తాగకండి. మూడు నాలుగు రోజుల తర్వాత నొప్పి తగ్గాల్సింది పెరిగినా, చెడు రుచితో చీము కారినా వెంటనే వెళ్లాలి.

ఇంప్లాంట్ పెట్టడానికి మనిషి ఎముక పొడికి 3–4 నెలలు, ఆవుదానికి 5–6 నెలలు ఆగుతారు. ఎక్స్‌రేలో తెల్లగా ఉంది కదా అని తొందరపడొద్దు. ఆవు ఎముక రేణువులు వేసిన రోజు నుంచే తెల్లగా కనిపిస్తాయి. డ్రిల్ పెట్టగానే రేణువులు పొడిపొడిగా రాలి, రక్తం ఊరకపోతే అది ఇంకా పట్టుకోలేదన్నమాట. అప్పుడు కుట్టేసి ఇంకో రెండు నెలలు ఆగే డాక్టరైతే పని తెలిసినవారే.