బెదూయిన్ ఇంటికి కోడలిగా వెళ్తే రోజులు ఎలా గడుస్తాయి?

జోర్డాన్ టూర్‌లో పరిచయమైన వాడీ రమ్ (దక్షిణ జోర్డాన్‌లోని ఎడారి) అబ్బాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానని, అతను బెదూయిన్, అంటే ఒకప్పుడు ఎడారిలో గుడారాలతో తిరిగిన అరబ్బు తెగలవాడు కాబట్టి, ఎడారిలో గుడారంలో బతకగలనా అని మీరు అడిగారు.

గుడారం గురించి టెన్షన్ పెట్టుకోకండి. మీరు ఉండేది అందులో కాదు. మేక వెంట్రుకలతో నేసిన ఆ నల్ల గుడారాలు ఇప్పుడు ఎక్కువగా టూరిస్టుల కోసమే. కుటుంబాలు ఉండేది రమ్ ఊళ్లో, సిమెంటు ఇళ్లల్లో. మిద్దె మీద నీళ్ల ట్యాంకు, వాకిట్లో టయోటా బండి, వెనక మేకల దొడ్డి. మాది కడప, ముస్లింలం. జోర్డాన్ రేవు పట్నం అకాబాలో హోటల్ అకౌంట్స్‌లో పనిచేసేటప్పుడు మా ఆయన పరిచయమయ్యారు. వాళ్లది జలాబియా తెగ, ఊళ్లో ఎక్కువమంది వాళ్లే.

2011లో వాడీ రమ్‌కి యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. ఇప్పుడు ఊరి బతుకంతా టూరిజం మీదే. మార్చి నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా సీజన్. అప్పుడు మగవాళ్లు రాత్రుళ్లు క్యాంపుల్లోనే ఉంటారు. ఇంటికొచ్చినా చుట్టాలతో ముందు గదిలో కూర్చుంటారు, ఆడవాళ్లం లోపల. అంటే మీరు కాపురం చేసేది సగం అతనితో అయితే సగం వాళ్లమ్మతో, ఆడపడుచులతో, తోడికోడళ్లతో. కాబట్టి అతను ఎంత మంచివాడో చూసింది చాలు, వాళ్లమ్మ దగ్గర కొన్నాళ్లు ఉండి రండి. మా అత్తగారు గట్టి మనిషి. సాజ్ అనే ఉబ్బెత్తు పెనం మీద ష్రాక్ రొట్టెను రుమాలీ రోటీ కంటే పల్చగా చేయడం ఆవిడే నేర్పారు. నాది ఇప్పటికీ చిరుగుతుంది, ఆవిడ ఇప్పటికీ నవ్వుతారు.

చుట్టాలు ఫోన్ చేసి రారు. ఏ వేళ వచ్చినా యాలకులు వేసిన చేదు కాఫీ, తర్వాత పాకంలాంటి టీ. ఎన్నాళ్లుంటారని అడగకూడదు, మూడు రోజులు అడగకపోవడం పాత మర్యాద. చిన్న కప్పులో కాఫీ కుడిచేత్తో తీసుకోవాలి, చాలనుకుంటే కప్పు కాస్త ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. పండక్కీ పెళ్లికీ మన్సఫ్ చేస్తారు. ఎండబెట్టిన మేక పెరుగు కరిగించి అందులో ఉడికించిన మాంసం, కింద అన్నం, పెద్ద పళ్లెంలో అందరూ కలిసి చేత్తో తినడం. తినే పద్ధతి మనకు కొత్త కాదు, కారం మాత్రం ఉండదు. గోంగూర పచ్చడి సీసా లేకుండా నేను విమానం ఎక్కను. మీరు శాకాహారులైతే ముందే గట్టిగా చెప్పండి, మాంసం తీసేసి పులుసు పోస్తే సరిపోతుందనుకుంటారు.

ఇంకో సంగతి ఎవరూ మొహాన చెప్పరు. మన దగ్గర మేనమామ కొడుకు వరస, చిన్నాన్న కొడుకు అన్న. అక్కడ చిన్నాన్న కూతురే మొదటి వరస. బయటి నుంచి కోడలొస్తే ఎవరో ఒక చిన్నాన్న ఇంట్లో ముఖాలు ముడుచుకుంటాయి. మొదట్లో ఎవరైనా ముభావంగా ఉంటే కారణం మీరే అనుకోకండి.

ఇక కాగితాలు. మీరు హిందువైతే మతం మారకుండా అక్కడి షరియా కోర్టులో పెళ్లి నమోదు కాదు. క్రైస్తవులైతే మారనక్కర్లేదు. ఇది ఇంట్లో ముందే తేల్చుకోండి. మెహర్‌లో, అంటే పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన సొమ్ములో, ఇప్పుడిచ్చేదెంత, విడిపోతే ఇచ్చేదెంత అని రెండూ ఒప్పందంలో రాస్తారు. ఇంకో పెళ్లి చేసుకోకూడదు, నేను ఉద్యోగం చేస్తాను, ఫలానా ఊళ్లో ఉంటాను అనే షరతులు కూడా అందులోనే రాయించుకోవచ్చు, అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. నేను రాయించుకున్నాను, మా మామగారే సాక్షి. పిల్లలకు తండ్రి పౌరసత్వం వస్తుంది. మీరు కూడా జోర్డాన్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, తొందరపడి దరఖాస్తు పెట్టకండి. ఈ షరతుల మాట అతనితో ఫోన్లో కాకుండా వాళ్ల నాన్న ఎదుట ఎత్తండి.