నెలకు పదిహేను వేలతో నలుగురికి మంచి తిండి: రాయగడ నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న ఇది: "మిల్లెట్స్, ఓట్స్, బాదం, ఆలివ్ ఆయిల్ అని అందరూ చెప్తున్నారు. నెలకు పదిహేను వేలు వచ్చే ఇంట్లో నలుగురికి ఆరోగ్యకరమైన తిండి కుదురుతుందా, లేక ఇది డబ్బున్నవాళ్ళ మాటేనా?"

చాలావరకు కుదురుతుంది. పూర్తిగా మాత్రం కుదరదు. కుదరని భాగాన్ని ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి ముందు అదే రాస్తాను.

మాది ఒడిశాలో రాయగడ. మా ఆయన ఇనుప సామాను కొట్టులో పనిచేస్తారు, నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. అమ్మాయి హైస్కూల్లో ఉంది. అత్తగారికి షుగర్. ఇద్దరి సంపాదన కలిపితే మీరు చెప్పిన దానికి కాస్త అటూ ఇటూ. అత్తగారికి షుగర్ బయటపడినప్పుడు ఆసుపత్రిలో ఒక చార్టు ఇచ్చారు. అందులో ఓట్స్, యాపిల్, బాదం, బ్రౌన్ రైస్ ఉన్నాయి. ఆవిడ చిన్నప్పటి నుంచి ఎరిగిన చోళ్ళు (రాగులు) మాత్రం లేవు. అప్పటి నుంచి ఇంటి ఖర్చుల పుస్తకంలో తిండి లెక్క విడిగా రాస్తున్నాను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు (లేదా వాటి బదులు గుడ్డు, చేప, మాంసం) 85, కూరగాయలు 400, పళ్ళు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. దీన్ని నలుగురికి నెల మొత్తానికి మా బజారు ధరల్లో గుండుగుత్తగా కట్టి చూశాను. పప్పులు పది కిలోలు, 1300 రూపాయలు. కూరగాయలు 48 కిలోలు, 1900 పైన. పాలకు 1800. పళ్ళకు 700. గింజలంటే బాదం ఊసే ఎత్తకుండా వేరుశనగ గుళ్ళతో సరిపెట్టినా 600 దగ్గర. నూనెకు 500. కలిపితే 6800 దాటుతుంది. బియ్యం రేషన్‌లో ఉచితంగా వస్తున్నా ఇంత అవుతోంది. అద్దె, కరెంటు, గ్యాస్, స్కూలు, మందులు పోగా పదిహేను వేలలో అంత మిగలదు. రోజుకూలి మీద బతికే ఇంట్లో అయితే అసలు మాటే లేదు. కాబట్టి "మనసుంటే ఎవరైనా తినొచ్చు" అనేవాళ్ళ మాట నమ్మి మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

మరి సగం డబ్బుతో ఏం చేయొచ్చు? నా సమాధానం ఒకటే: ఉన్న డబ్బులో మొదటి రూపాయి దేనికి వెళ్ళాలో తేల్చుకోవాలి. మా ఇంట్లో అది పప్పుకు వెళ్తుంది.

రేషన్ బియ్యం వచ్చాక మా వైపు కంచాల్లో అన్నం కుప్పగా, పప్పు చెంచాడుగా మారింది. కడుపు నిండుతుంది, కండ పట్టదు. కందిపప్పు ధర చూసి చాలామంది పప్పు మొత్తానికే తగ్గించేస్తారు. పప్పంటే కందిపప్పు ఒక్కటే కాదు కదా. సంతలో ఉలవలు, బొబ్బర్లు దానికంటే బాగా తక్కువకు వస్తాయి. కొండ మీద పండించినవాళ్ళే గంపల్లో తెచ్చి అమ్ముతారు. మా జిల్లాలోని చాటికొన బుధవారం సంత తెలిసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు, అక్కడ కొండల మీద ఉండే డొంగ్రియా కొంధు గిరిజనులు అల్లం, పసుపు, అరటి, అనాస కూడా దింపుతారు. ఉలవలు రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్‌లో పెడితే ఆ నీళ్ళు చారుకు, గింజలు తాలింపు గుగ్గిళ్ళకు. ఒక్క వంటలో రెండు. మీల్‌మేకర్‌ని కూడా చిన్నచూపు చూడకండి. ఎండు మీల్‌మేకర్ బరువులో దాదాపు సగం ప్రొటీనే. మా ఒడియా ఇరుగుపొరుగు బంగాళాదుంపతో కలిపి వండే కూర మా అమ్మాయికి మాంసం కూరంత ఇష్టం.

తర్వాత గుడ్డు. ఒక్కో గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల మంచి ప్రొటీన్ ఉంటుంది. వారానికోసారి కోడి కూర తెచ్చే డబ్బును గుడ్లుగా, ఎండు నెత్తళ్ళుగా మార్చాం. నెత్తళ్ళు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా అందుతుంది. ఉప్పు ఎక్కువ, వేణ్ణీళ్ళలో రెండు మూడు సార్లు కడగాలి. బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్త.

ఆకుకూరల సంగతి వేరు. ములగాకు మా వీధిలో గోడల మీంచి వేలాడుతూ ఉంటుంది, అడిగితే కాదనేవాళ్ళు లేరు. తోటకూర, బచ్చలి, గోంగూర కట్టలకు పెద్ద ఖర్చు లేదు. అడ్డం వచ్చేది టైమ్. ములగాకు దూసి, ఏరి, కడిగేసరికి అరగంట. ఆ అరగంటలో నేను జాకెట్ చేతులు కుట్టుకోవచ్చు. ఆరోగ్యకరమైన తిండి చవకే అనేవాళ్ళు ఆడవాళ్ళ గంటలకు ధర కట్టరు. అందుకే మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక టీవీ ముందు మా ఆయన, అమ్మాయి ఆకు దూస్తారు. కూర్చోబెట్టి చెప్పాకే మొదలైంది, ఇప్పుడు అలవాటైపోయింది. మీ ఇంట్లో ఈ పని ఒక్కరి మీదే పడితే ఏ చార్టూ నెల దాటదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

ఇక అందరూ అడిగే మిల్లెట్స్. ఇవి మా వైపు పండేవే. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టిన జిల్లాల్లో రాయగడ, గజపతి, కొరాపుట్ ఉన్నాయి. చోళ్ళకు 2024–25లో కేంద్రం మద్దతు ధర క్వింటాలుకు 4290 రూపాయలు, అంటే కిలో 43. అవే చోళ్ళు అందమైన ప్యాకెట్‌లో పిండిగా సూపర్‌మార్కెట్‌కు వస్తే రెట్టింపు పైనే. సంతలో గింజలు కొని, చెరిగి, మరలో ఆడించుకోండి. వంద గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పదీ ఇరవై కూడా కష్టం. పాలు తక్కువ కొనే ఇంటికి ఇది చాలా పెద్ద సాయం. మా అత్తగారు చిన్నప్పుడు రోజూ తాగిన అంబలే మళ్ళీ మొదలుపెట్టాం.

అయితే షుగర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. రాగి కదా అని మెత్తటి పిండితో పల్చటి జావ గ్లాసులు గ్లాసులు తాగితే షుగర్ త్వరగానే పెరుగుతుంది. మేం కొలిచి చూసుకున్నాం. అత్తగారికి సంకటి ముద్ద చిన్నది, పక్కన ఉలవచారు, ఆకుకూర ఎక్కువ పెడితే రీడింగ్ నిలకడగా ఉంటోంది. మీ వాళ్ళకు మీరు కొలిచి, డాక్టర్‌ని అడిగి చూసుకోండి.

బయటి టిఫిన్ మానలేకపోతే, మా రాయగడ బండ్ల దగ్గర బరా (గారెలాంటిది), ఘుగుని రెండూ ఉంటాయి. ఘుగుని బఠాణీలది, మంచిది. బరా నూనెలో తేలింది. ఒక బరా తగ్గించి ఘుగుని ఎక్కువ వేయమంటే బండివాళ్ళు వేస్తారు. బిస్కెట్ ప్యాకెట్లు, మిక్చర్, కూల్‌డ్రింకులకు ఇంట్లో అందరి జేబుల్లోంచీ పోయేది ఒక్క నెల రాసి చూడండి. మా లెక్కలో గుడ్ల ఖర్చంతా అందులోంచే వచ్చేసింది.

రేషన్ బియ్యంలో కొంచెం తేడాగా కనిపించే గింజలుంటే కొందరు ప్లాస్టిక్ అని ఏరి పారేస్తుంటారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసినవి. పారేయకండి, బియ్యం మరీ కడగకండి, గంజి వార్చి పారబోయకండి.

ఇలా ఇప్పుడు మాకు నెలకు రమారమి మూడున్నర వేలు అవుతోంది: పప్పులు, ఉలవలు కలిపి ఐదు కిలోలు, రోజుకు రెండు గుడ్లు, అర లీటరు పాలు, ఆకుకూరలు, కూరగాయలు, నూనె, నెత్తళ్ళు, ఒక కిలో వేరుశనగ గుళ్ళు, ఐదు కిలోల చోళ్ళు. పళ్ళు ఇందులో లేవు. జామ, బొప్పాయి, అనాస కాలంలో చవకైతే కొంటాం, మిగతా నెలల్లో లోటే. పాలు అమ్మాయికీ అత్తగారికీ సరిపోతాయి, మా ఇద్దరికీ టీ వరకే. పోషకాహార సంస్థ చెప్పిన కంచానికి ఇది ఇంకా తక్కువే. ఐదేళ్ళ కిందటి మా కంచం కంటే చాలా మేలు.

ఆ మిగతా లోటు ఇంటి పొదుపుతో పూడేది కాదు. సరిహద్దు అవతల పార్వతీపురంలో మా చెల్లెలి కార్డు మీద కందిపప్పు సబ్సిడీ ధరకు వచ్చిన నెలలున్నాయి. నా కార్డు మీద వచ్చేది బియ్యమే. తలకు ఒక కిలో పప్పు రేషన్‌లో ఇస్తే మా వీధిలో ప్రతి ఇంటి కంచం మారుతుంది. వార్డు మీటింగుల్లో మేం కొందరం ఆడవాళ్ళం ఇదే అడుగుతున్నాం. మీ ఇంట్లో చిన్నపిల్లలో, గర్భిణులో ఉంటే అంగన్‌వాడీలో పేరు రాయించి అక్కడ ఇచ్చేవి (మా ఒడిశాలో ఛతువా అనే వేయించిన గింజల పిండి, గుడ్లు) తప్పకుండా తెచ్చుకోండి. అవి మీకు రావాల్సినవే, మొహమాటపడొద్దు. మీ ఊరు ఏదో, మీ దగ్గర సంత ఏ రోజో రాస్తే అక్కడ దొరికేవాటితో ఒక వారం వంటల పట్టిక కూడా రాసి పెడతాను.