యుద్ధం ఆగితే ఉద్యోగమూ ఆగుతుందా?

ప్రశ్న: మాది చంద్రగిరి. అమ్మాయి కెమికల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉంది. మందుగుండు ఫ్యాక్టరీలో చేరతానంటోంది. యుద్ధాలున్నన్నాళ్లే ఆ పని, తర్వాత ఇంటికి పంపేస్తారని మా బావమరిది బెదిరిస్తున్నాడు. నిజమేనా సార్?

జవాబు: మీ బావమరిదిది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లెక్కండీ. తోతాపురి కాయ దిగినన్నాళ్లు రాత్రీపగలూ నడిపి, ఆనక తాళం వేస్తారు. మందుగుండుకు అది కుదరదు. ఫిరంగి గుండుకు ఉక్కు తొడుగు ఒకచోట, గుండును పేల్చే ఫ్యూజు ఇంకోచోట, దాన్ని ముందుకు తోసే ఇంధనం (ప్రొపెల్లెంట్) మరోచోట తయారవుతాయి. వాటిలో ఏది అందకపోయినా మిగతావి వృథాయే. ఒకసారి మూసిన లైను మళ్లీ తెరిస్తే యంత్రాలు కదులుతాయేమో గానీ, చెయ్యి తిరిగిన మనుషులు దొరకరు.

40 రోజుల యుద్ధానికి సరిపడా నిల్వ ఉండాలన్నది సైన్యం పెట్టుకున్న కొలత. 2016 సెప్టెంబరులో చూస్తే 152 రకాల మందుగుండులో 61 పది రోజులకు కూడా చాలవని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017లో తేల్చింది. పోనీ నింపి పెడితే సరిపోతుందా? గుజ్జు డబ్బాకున్నట్టే దీనికీ గడువుంది. ప్రొపెల్లెంట్ చెడిపోకుండా కలిపే స్టెబిలైజర్ ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతుంది. నమూనాలు తీసి పరీక్షిస్తుండాలి, పనికిరానివి తీసేయాలి. యుద్ధం ఉన్నా లేకున్నా ఆగని పని ఇది, మీ అమ్మాయి చదువుకు సరిగ్గా అతికేదీ ఇదే.

ఉద్యోగం పర్మనెంటా అంటే మాత్రం బావమరిది మాటలో కొంత నిజముంది. 2021 అక్టోబరు 1న సైన్యానికి ఆయుధాలు చేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు ఏడు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. మందుగుండు పుణేలోని మ్యూనిషన్స్ ఇండియా చేతికొచ్చింది. అక్కడ తరచూ పడే 'డేంజర్ బిల్డింగ్ వర్కర్' పోస్టులు గడువు కాంట్రాక్టువి, అడిగేది ఐటీఐ కెమికల్ ట్రేడు. వాటి వెంట పడొద్దు. డిప్లొమా అప్రెంటిస్‌కు దరఖాస్తు పెట్టించండి. మనకు దగ్గరివి తమిళనాడులోని అరువంకాడు, తిరుచ్చి. మన జిల్లాలోని శ్రీహరికోటలోనూ రాకెట్లకు ఘన ఇంధనం తయారుచేస్తారు. అక్కడ కెమికల్ డిప్లొమాకు టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులు పడుతుంటాయి, ఫస్ట్ క్లాసు ఉండాలి.

ప్రమాదం మాట మీరడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. ఫోను బయట పెట్టాలి, నూలు బట్టలు వేసుకోవాలి, ఒక్కో గదిలో ఇంతమందే, ఇంత సరుకే అని హద్దు ఉంటుంది. పద్ధతి తప్పనివాళ్లకే ఆ చోటు. కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్ తేడా వస్తే మళ్లీ చేస్తుందా, పక్కమ్మాయి రికార్డు చూసి అంకె వేసేస్తుందా, అడిగి చూడండి. రెండోదైతే వేరే దారి వెతుకుదాం.